‘రె’ అంటే మళ్ళీ కాదు

అందరికీ నమస్కారం. ఇవాళ చేసేది రీఫ్రైడ్ బీన్స్, అంటే ఉడికించిన చిక్కుడు జాతి గింజల్ని కొవ్వులో మెదుపుతూ వేయించే మెక్సికో వంటకం. ముందు ఆ పేరు సంగతి తేల్చేద్దాం. రీఫ్రైడ్ బీన్స్ అంటే రెండుసార్లు వేయించాలనుకుని నేను చాలాకాలం వేయించి, దించి, చల్లార్చి, మళ్ళీ వేయించేదాన్ని. నవ్వకండి. మెక్సికోలో వీటిని ఫ్రిహోలెస్ రెఫ్రితోస్ అంటారు. అక్కడి వాడుకలో ఆ ‘రె’ అంటే ‘బాగా’ అని. బాగా వేగిన గింజలు, అంతే. వేయించేది ఒక్కసారే.

ఉత్తర మెక్సికోలో మచ్చల పింటో గింజలు, వెరాక్రూజ్ వైపు నల్లవి వాడతారు. పావుకిలో గింజల్ని రాత్రి నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అర ఉల్లిపాయ వేసి ఉడికించండి. వేలితో నొక్కితే వెన్నలా నలగాలి. కుక్కరైతే పని తొందరగా అయిపోతుంది. పింటో దొరక్క రాజ్మా వాడితే మాత్రం కనీసం పది నిమిషాలు తెర్లనివ్వాల్సిందే. సరిగా ఉడకని రాజ్మాలో విషపదార్థం ఉంటుంది. వాంతులు పట్టుకుంటాయి. సన్నటి వేడి మీద నడిచే స్లో కుక్కర్‌ని ఈ విషయంలో నమ్మకండి.

ఉడికిన నీళ్ళు మాత్రం ఒలకబోయొద్దు. రుచంతా అందులోనే ఉంది.

ఇక కొవ్వు. సంప్రదాయంగా వాడేది పందికొవ్వు. అదీ స్పెయిన్ వాళ్ళు పందుల్ని తెచ్చాక వచ్చిందే, గింజలు మాత్రం అంతకు వేల ఏళ్ళ ముందునుంచీ అక్కడివే. డబ్బాల్లో అమ్మేవాటిలోనూ పందికొవ్వు ఉండొచ్చు, శాకాహారులు చీటీ చదివి కొనండి. ఇంట్లోనైతే నూనె చాలు, కాస్త ధారాళంగా.

మూకుడులో నూనె కాగాక ఉల్లిముక్కలు ఎర్రగా వేయించి, గరిటెడు గింజలు, గరిటెడు ఆ నీళ్ళు వేసి పప్పుగుత్తితో మెదపండి. అవి కలిశాక ఇంకో గరిటె. మిక్సీ వేసేవాళ్ళూ ఉన్నారు, నాకు నచ్చదు. అక్కడక్కడా గింజ పంటికి తగలాలి. ఉప్పు చివర్లో చూసుకోండి. అట్లకాడతో గీత గీస్తే మూకుడు అడుగు కనబడి, మెల్లగా మళ్ళీ మూసుకుపోవాలి. అప్పుడే దించేయాలి. చల్లారితే ఇంకా గట్టిపడుతుంది.

గింజలు ఉడికించి తెచ్చాను. మూకుడు పొయ్యి మీద పెడుతున్నా, ఉల్లిపాయ తరిగేవాళ్ళు ఒకరు ముందుకు రండి.