కోపానికి ముందు లెక్క

అందరికీ నమస్కారం. షేర్ల గురించి మాట్లాడతానంటే విజయనగరంలో ఇంతమంది వస్తారనుకోలేదు. ముందు వరసలో రిటైరైన లెక్కల మాస్టార్లు ఉన్నట్టున్నారు, కాబట్టి అంకెలు జాగ్రత్తగా చెబుతాను.

కంపెనీ తీరు నచ్చకపోతే మామూలు మదుపరి షేరు అమ్ముకుని వెళ్లిపోతాడు. మేం అమ్మకుండా కూర్చుని యాజమాన్యాన్ని నిలదీస్తాం. యాక్టివిస్ట్ ఇన్వెస్టింగ్ అనే పేరు ఘనంగా ఉంది గానీ, పని మాత్రం పంచాయతీ ఎన్నికే. ఓట్లు ఎవరి దగ్గరున్నాయో చూసుకోకుండా కోపం మీద నామినేషన్ వేస్తే డిపాజిట్ పోతుంది.

మన దగ్గర చాలా కంపెనీల్లో సగం వాటా ప్రమోటర్లదే, అంటే కంపెనీని పెట్టి, పగ్గాలు పట్టుకున్నవాళ్లదే. మరి గెలిచేదెలా? ముందు తీర్మానం ఏ రకమో చూడాలి. నెస్లే ఇండియాలో మాతృ సంస్థకు 62 శాతానికి పైగా వాటా ఉంది. అయినా 2024 మేలో, ఆ మాతృ సంస్థకే కట్టే రాయల్టీని, అంటే పేరు, పరిజ్ఞానం వాడుకున్నందుకు అమ్మకాల్లోంచి ఇచ్చే వాటాను, 4.5 నుంచి 5.25 శాతానికి పెంచే తీర్మానం ఓడిపోయింది. ఎందుకంటే అది సొంతవాళ్లతో లావాదేవీ. అలాంటి చోట ప్రమోటరు తనకు అనుకూలంగా ఓటు వేసుకోకూడదు. మిగతావాళ్లదే తీర్పు.

ఐషర్ మోటార్స్‌లో 2021లో జరిగింది ఇంకో రకం. అధినేతను జీతంతో సహా మళ్లీ నియమించే తీర్మానం అది. ప్రత్యేక తీర్మానం కాబట్టి పోలైన ఓట్లలో 75 శాతం రావాలి. 73 దగ్గర ఆగిపోయింది. అధినేత జీతం పరిమితి తగ్గించి మళ్లీ పెడితే నెగ్గింది. నాకు నచ్చిన పోరాటం ఇదే. ఎవరినీ గెంటేయలేదు, కంపెనీ పరువూ పోలేదు, బోర్డు మాత్రం వెనక్కి తగ్గింది.

సత్యం కంప్యూటర్స్ సంగతి మీరు అడుగుతారని తెలుసు. 2008 డిసెంబర్ 16న, అధినేత కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి బోర్డు ఒప్పుకుంది. వాటాదారుల ఓటు అడగలేదు. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడింది, ఫండ్లు గగ్గోలు పెట్టాయి, గంటల్లోనే ఒప్పందం రద్దయింది. మూడు వారాల తర్వాత జనవరి 7న, తప్పు ఒప్పుకుంటూ అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఖాతాల్లో చూపిన డబ్బు లేదని అప్పుడు తెలిసింది. లెక్కలు ఎందుకు గట్టిగా అడగాలో మన తెలుగువాళ్లకు వేరే చెప్పాలా?

పది షేర్లున్నవాళ్లం మేమేం చేయగలం అంటారా? అత్యవసర సమావేశం పెట్టమని పట్టుబట్టడానికి ఓటింగ్ మూలధనంలో పదో వంతు కావాలి, అది మనవల్ల కాదు. కానీ ఈ-ఓటింగ్ ఫోన్‌లోనే అవుతుంది. కనీసం మూడు రోజులు తెరిచి ఉంచి, సమావేశానికి ముందురోజు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. మెయిల్‌లో వచ్చే ఆ సమావేశం నోటీసును చదవకుండా తీసేయకండి. సొంతవాళ్లతో లావాదేవీలు, జీతాలు, ఆడిటర్ మార్పు, ఈ మూడూ వెతకండి. మిగతాది బోర్ కొడితే వదిలేయొచ్చు.

ఇక ప్రశ్నలు అడగండి. ఏ షేరు కొనమంటారు అన్నది తప్ప ఏదైనా సరే.