తొట్లకొండ మీదికి పరుగు

అందరికీ నమస్కారం. పొద్దున్నే లాంగ్ రన్ చేసి, మళ్లీ సాయంత్రం ఇక్కడికి వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. కాళ్లు చాపుకుని కూర్చున్నవాళ్లు అలాగే కూర్చోండి, ఏం ఫర్వాలేదు.

కొండ దారుల్లో పరుగు గురించి మాట్లాడమని నన్ను అడిగారు. నేను ముఖ్యంగా తొట్లకొండ గురించి చెప్తాను, ఎందుకంటే నాకు బాగా తెలిసిన కొండ అదే. విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు మీద, ఊరికి దాదాపు 15 కిలోమీటర్ల దూరంలో, మంగమారిపేట దగ్గర ఉంటుంది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. అంకె చూస్తే చిన్నదే, కానీ సముద్రం పక్కనుంచే మొదలై పైకి వెళ్తుంది కాబట్టి ఆ ఎత్తు మొత్తం మన పిక్కలే మోయాలి. దానికి తోడు బావికొండ ఉంది, భీమిలిలో పావురాళ్లకొండ ఉంది. ఈ మూడింటి మీదా రెండువేల ఏళ్ల నాటి బౌద్ధారామాలున్నాయి. ఇన్ని ఆరామాల మధ్య ఆదివారం పూట పరుగెత్తే అదృష్టం ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

మొదటి రెండేళ్లూ నేను ఆ కొండని ఒక ఎక్కుడుగానే చూశాను. గేటు దగ్గర వాచీ నొక్కడం, పైన మళ్లీ నొక్కడం, పోయిన వారం కంటే ఎన్ని సెకన్లు తగ్గాయో చూసుకుని వెనక్కి దిగిపోవడం. స్తూపం ఎటువైపు ఉందో కూడా సరిగ్గా చూడలేదు. ఒక మే నెలలో మాత్రం పైకి చేరేసరికి సీసాలో చుక్క నీళ్లు లేవు, గొంతు ఎండిపోయింది, చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది, ఎక్కడైనా కుళాయి ఉందేమో అని వెతుక్కుంటూ నడుస్తుంటే బండరాయిలో తొలిచిన ఒక పెద్ద తొట్టి కనిపించింది. అక్కడే నిలబడిపోయాను. తొట్లకొండ. ఆ పేరు ఎన్నిసార్లు పలికుంటానో, దాని అర్థం మాత్రం దాహం వేసిన రోజునే తెలిసింది. మన ఊళ్లల్లో పశువులకి కుడితి తొట్టి అంటామే, అదే మాట. కొండ మీద పడ్డ వాననీళ్లని పట్టి నిలవ చేసుకోవడానికి భిక్షువులు రాతిలో తొలిపించుకున్న తొట్లు అవి. బావికొండ అన్నా సంగతి అదే, బావులున్న కొండ.

ఇక్కడ నన్ను బాగా కదిలించే విషయం ఒకటుంది. ఈ ఆరామం క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి క్రీ.శ. 3వ శతాబ్దం దాకా వెలిగింది. తర్వాత భిక్షువులు వెళ్లిపోయారు, కట్టడాలు మట్టిలో కప్పబడిపోయాయి, ఇక్కడ బుద్ధుడి పేరు తలిచినవాళ్లున్నారన్న సంగతే చుట్టుపక్కల ఊళ్లు మర్చిపోయాయి. నౌకాదళం వాళ్లు స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తుంటే ఇది బయటపడింది, 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. అయితే అన్నీ మర్చిపోయిన జనం నీళ్లని మాత్రం మర్చిపోలేదు. కొండ పేరులోనే దాచుకున్నారు. మేకలు కాసుకునేవాళ్లకీ, కట్టెలకి వెళ్లేవాళ్లకీ ఆ కొండ మీద అన్నిటికన్నా విలువైనది ఏదో తెలుసు కదా.

సరే, దారి సంగతికొద్దాం. ఎక్కువమంది ఋషికొండ దగ్గర మొదలుపెడతారు, నేనూ అంతే. భీమిలి వైపు వెళ్తుంటే కుడిచేతి పక్క సముద్రం, ఎడమచేతి పక్క కొండలు, రోడ్డు ఎక్కడా పూర్తి చదునుగా ఉండదు, లేస్తూ పడుతూ పోతుంది. గాలిని లెక్కలో పెట్టుకోండి. వేసవిలో గాలి నైరుతి నుంచి వస్తుంది, అంటే వెళ్లేటప్పుడు వీపుని తోస్తుంది, మనం ఇవాళ బ్రహ్మాండంగా పరుగెడుతున్నాం అనిపిస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి మొహానికి అడ్డం నిలబడుతుంది. చలికాలంలో ఈశాన్యం గాలి తిరిగితే వరస మారిపోతుంది. అందుకని ఈ రోడ్డు మీద పేస్ చూసి పరుగెత్తకండి, ఊపిరి చూసుకుని పరుగెత్తండి. పక్కవాళ్లతో రెండు వాక్యాలు ఆగకుండా మాట్లాడగలుగుతుంటే సరైన వేగంలో ఉన్నట్టు. నీడ కూడా పెద్దగా ఆశించొద్దు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి మన చెట్లకి ఏం చేసిందో ఇక్కడున్న అందరికీ గుర్తే. జూన్‌లో ఐదున్నర కాకముందే సూర్యుడు వచ్చేస్తాడు, ఏడింటికల్లా ఉక్కపోత మొదలు. ఒంటికి చెమట పట్టడం వల్ల చల్లబడం, ఆ చెమట ఆరితేనే చల్లబడతాం, మన గాలిలో తేమకి అది ఆరదు. అందుకే హైదరాబాద్ నుంచి వచ్చే మన స్నేహితులు అక్కడి వేగంతోనే ఇక్కడా పరుగెత్తబోయి సగం దారిలో కూలబడుతుంటారు. వాళ్లకి ముందే చెప్పండి.

గేటు దాటాక తారు రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. ఇక్కడ ఒకటే మాట: అడుగు చిన్నది చెయ్యండి. చదును మీద వేసే అడుగులో సగం చాలు. నడుము దగ్గర వంగిపోకండి, వంగితే ఊపిరి ఆడదు. చీలమండ దగ్గర్నుంచి ఒళ్లంతా కొంచెం ముందుకి వాలాలి, చూపు నాలుగైదు గజాల ముందు ఉండాలి, కొండ కొమ్ము వైపు కాదు. రొప్పు ఎక్కువైతే నడవండి. నడిస్తే పరువు పోతుందన్న టెన్షన్ కొత్తవాళ్లలో చాలా చూస్తాను, ముఖ్యంగా వెనకాల ఎవరైనా వస్తుంటే. ఎక్కుడు నిటారుగా ఉన్నచోట గబగబా నడిచేవాళ్లకీ నెమ్మదిగా పరుగెత్తేవాళ్లకీ పెద్ద తేడా ఉండదు, పైగా నడిచినవాళ్లు పైకి చేరాక ఇంకా మనుషుల్లో ఉంటారు.

దిగడం గురించి ఎవ్వరూ అడగరు, కానీ దెబ్బలు తగిలేది దిగుడులోనే. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు సాగుతూనే ఒంటి బరువుని ఆపుతుంది, ఆ సాగుతూ ఆపే పనిలో కండరంలోని సన్నని పోగులు దెబ్బతింటాయి. అందుకే కొండ దిగిన రోజు బాగానే ఉంటుంది, మర్నాడు, ఆ మర్నాడు మెట్లు దిగలేం. దీనికి మందు మళ్లీ కొద్దికొద్దిగా దిగడమే, రెండు మూడు వారాల్లో తొడలు అలవాటు పడతాయి. దిగేటప్పుడు కూడా అడుగు చిన్నదే. మడమని దూరంగా విసిరి బ్రేకులా వెయ్యకండి, మోకాలికి వెళ్లేది ఆ దెబ్బే.

నా కాలు బెణికింది కూడా దిగుడులోనే, అదీ తారు రోడ్డు మీద కాదు, మలుపు చుట్టి రావడం ఎందుకని మధ్యలో అడ్డదారిన దిగబోయి. మన కొండల రాయి ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద ఆ రాతికి ఆ పేరు పెట్టారు, కోణార్క్ గుడి కట్టింది కూడా ఎక్కువగా ఈ రాతితోనే. ఎండకీ వానకీ తేలిగ్గా శిథిలమై ఎర్రటి గులకలా రాలుతుంది. ఆ గులక మీద కాలు పెడితే గోళీల మీద పెట్టినట్టే. నేను పడి లేవలేకపోతే, కింద మేకలు తోలుకెళ్తున్న ఒక పెద్దాయన వచ్చి చెయ్యందించి, "దారుండగా డొంకన దిగుతారేంటమ్మా, ఈ మట్టి మనిషిని నిలబెట్టదు" అన్నాడు. ఆరు వారాలు ఇంట్లో కూర్చున్నాను. అడ్డదారి వల్ల మన కాలికే కాదు, కొండకీ నష్టం. నలుగురు దిగితే చాలు, గడ్డి చచ్చిపోతుంది, తర్వాతి వానకి అక్కడ గండి పడుతుంది, రెండేళ్లలో అది చిన్న గెడ్డ అయిపోతుంది.

ఆ ఆరు వారాల తర్వాత పరుగెత్తలేక, నడుస్తూ కొండెక్కాను. అప్పుడు గమనించింది మీకు చెప్పాలి. కింద రోడ్డు మీద ఉక్క, సగం దారిలో ఇంకా ఉక్క, పైన చివరి మలుపు తిరగ్గానే సముద్రం గాలి నేరుగా ఛాతీకి తగిలింది. చెమట ఆరడం మొదలైంది. ఈ చోటుని ఎంచుకున్నవాళ్లు కూడా ఇదే దేహంతో, ఇదే ఆయాసంతో ఎక్కి వచ్చి, ఇక్కడే ఆగుదాం అనుకుని ఉంటారని నాకు గట్టిగా అనిపించింది. గాలి ఉంది, వాన పడితే పట్టుకోవడానికి బండ ఉంది. కింద ఊళ్లున్నాయి గానీ ఊరి గోల పైకి రాదు. ఎదురుగా సముద్రం మీద వచ్చే పడవ చాలా ముందే కనిపిస్తుంది. ఆ పడవలు ఊరికే పోలేదు. తవ్వకాల్లో తొమ్మిది శాతవాహన నాణేలతో పాటు ఐదు రోమన్ వెండి నాణేలు దొరికాయి. ఎక్కడి రోము, ఎక్కడి మంగమారిపేట! వర్తకులు దానం ఇచ్చేవారు, భిక్షువులు ఇక్కడ ఉండేవారు. విహారాల్లో 72 గదులున్నాయి, వంటశాల, భోజనశాల, అందరూ కూడే స్తంభాల మండపం ఉన్నాయి. భిక్షువుకి మధ్యాహ్నం దాటాక భోజనం లేదు, కాబట్టి కింద ఏ పని ఉన్నా పొద్దున్నే దిగి ఎండ ముదరకముందే ఎక్కేసి ఉంటారని నా ఊహ. మనం ఇవాళ కష్టపడి నేర్చుకుంటున్న టైం టేబుల్ అదే.

అందుకే పైకి చేరాక పరుగు ఆపేయండి అని నేను బతిమాలుతున్నాను. రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడితో పరుగు అయిపోవాలి. స్తూపం చుట్టూ ల్యాప్‌లు కొట్టేవాళ్లని చూశాను, చైత్యం, అంటే వాళ్ల ప్రార్థన మందిరం, గోడ మీద కాలు పెట్టి స్ట్రెచింగ్ చేసేవాళ్లని చూశాను, నాకు నిజంగా బాధేసింది. 2019 అక్టోబరు వానలకే మహాస్తూపం కట్టడంలో కొంత భాగం కూలిపోయింది. వానకే అలా ఉంటే మన బరువుకి ఎలా ఉంటుంది? పైన నడవండి. ఆ గదుల ముందు ఒక్కసారి కూర్చోండి, ఎంత చిన్నవో చూడండి. పడుకుంటే కాళ్లు చాపుకోవడానికే సరిపోయే చోటు.

భీమిలి దాకా వెళ్లేవాళ్లకి ఎర్రమట్టి దిబ్బలు తగులుతాయి. ట్రైల్ రన్నింగ్‌కి బాగుంటుంది అని ఎవరో ఒకరు ఎప్పుడూ అంటారు. దయచేసి వద్దు. దక్షిణాసియాలో ఇలాంటి దిబ్బలు మన దగ్గర, తమిళనాడులో, శ్రీలంకలో తప్ప లేవు, 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని భూ వారసత్వ స్థలంగా ప్రకటించింది. వేల ఏళ్లుగా గాలీ నీళ్లూ కలిసి పోగేసిన ఇసుక, ఒక్క బూటు అంచుకే రాలిపోతుంది. రోడ్డు మీదే సాగి భీమిలి చేరండి, పావురాళ్లకొండ ఎక్కండి, ఊళ్లో వాళ్లు నరసింహస్వామి కొండ అంటారు. పైనుంచి గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు కనిపిస్తుంది. అక్కడా రాతి తొట్లే, అక్కడా వాననీళ్లే.

వానాకాలం గురించి ఒక మాట. భిక్షువులు వర్షాకాలం మూడు నెలలూ ఎక్కడికీ తిరగకుండా ఒకేచోట ఉండేవారు, వర్షావాసం అంటారు. ఎందుకంటే వానల్లో తిరిగితే లేత పచ్చిక, చిన్న చిన్న జీవాలు కాళ్ల కింద నలిగిపోతున్నాయని జనం నొచ్చుకున్నారు, దాంతో బుద్ధుడు ఆ నియమం పెట్టాడని భిక్షువుల నియమాల గ్రంథం వినయ పిటకంలో ఉంది. తొలకరి పడ్డాక మన కొండ దారులు చూడండి, ఆరుద్ర పురుగులు ఎర్రటి మఖమల్ ముక్కల్లా పాకుతుంటాయి, రోకలిబండలు రోడ్డుకి అడ్డంగా పోతుంటాయి. నేను జూలై నుంచి సెప్టెంబరు దాకా మట్టి దారి తొక్కను, తారు రోడ్డే. జారిపడే భయం సగం, ఈ పురుగులు సగం.

చిన్నప్పుడు మా నాయనమ్మ సింహాచలం గిరి ప్రదక్షిణకి తీసుకెళ్లేది. 32 కిలోమీటర్లు, ఆషాఢంలో, చెప్పుల్లేకుండా. ఆవిడ ఎప్పుడూ తొందరపడేది కాదు. మజ్జిగ ఇచ్చినచోటల్లా ఆగేది, ఎక్కుడు వస్తే మాట ఆపేసేది, దిగుడు వస్తే నా భుజం మీద చెయ్యి వేసేది. మాట, అడుగు, ఆగడం, నేను ఇందాకట్నుంచీ చెప్పినవన్నీ ఆవిడ ఏ పేర్లూ పెట్టకుండానే చేసింది. కొండ చుట్టూ కాలినడకన తిరగడం మన ఉత్తరాంధ్ర వాళ్లకి కొత్తగా వచ్చిన హాబీ కాదని ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లకి చెప్పండి, ముఖ్యంగా ఇక్కడున్న ఆడవాళ్లు. చీకట్లో ఒంటరిగా మాత్రం వెళ్లొద్దు, ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి, తలకి లైటు పెట్టుకోండి. వేసవి తెల్లవారుజామున రోడ్డు మీద పాములుంటాయి.

వచ్చే ఆదివారం వెళ్దామనుకుంటున్నాం. ఋషికొండ దగ్గర 5 గంటలకి కలుద్దాం. గేటు ఇంకా తెరవకపోతే గోడ దూకేది లేదు, భీమిలి వైపు కాసేపు సాగి వెనక్కి వద్దాం. పైన గంటసేపు ఉంటాం కాబట్టి ఆఫీసు పనులున్నవాళ్లు ముందే చూసుకోండి. నీళ్లు ఒక్కొక్కరు రెండు సీసాలు తెచ్చుకోండి, తొట్లలో ఉన్నవి ఇప్పుడు తాగేవి కావు, ఖాళీ సీసాలు మళ్లీ సంచిలోనే కిందికి రావాలి.