బైకు బ్యాగు చిరిగిందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

[తెరపై: అనంతపురం, మిట్టమధ్యాహ్నం. ఎండలో నిలబెట్టిన బైకు. వెనక సీటుకు రెండు పక్కలా వేలాడే, రంగు వెలిసిన సాడిల్ బ్యాగులు దగ్గరగా.]

నమస్తే. అనంతపురంలో బైకు బ్యాగు వానకు పాడవ్వడం తక్కువ. రాష్ట్రంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతం మనది. ఇక్కడ బ్యాగును తినేది ఎండ, దాని తర్వాత దుమ్ము. కానీ ఎండ బ్యాగునంతా ఒకేసారి పాడుచేయదు. చాలాసార్లు ముందు దారం పోతుంది, క్లిప్పులు పెళుసుబారతాయి, గుడ్డ మాత్రం ఇంకా గట్టిగానే ఉంటుంది. అలాంటి బ్యాగును పారేసి వేలు పోసి కొత్తది కొంటున్నారంటే నాకు బాధేస్తుంది.

[తెరపై: రెండు చేతులతో గుడ్డను లాగి చూపించడం.]

కాబట్టి ముందు గుడ్డను చూడాలి. కుట్టు పక్కన రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగండి. ఎండ నేరుగా పడే పైమూత మీద గోరుతో గీకండి. పొడి రాలినా, లాగితే పర్రున చిరిగినా ఆ గుడ్డలో సత్తువ లేనట్టే. దాని మీద ఎంత బాగా కుట్టినా కుట్టు పక్కనే మళ్ళీ చిరుగుతుంది. గుడ్డ గట్టిగా ఉంటే మాత్రం మిగతావన్నీ బాగుచేసుకోవచ్చు.

లోపలి పూత పొరలుపొరలుగా రాలుతోందా, చేతికి జిగటగా అంటుతోందా? తేమా వేడీ కలిసి ఆ పూతను విరిచేస్తాయి. అది మళ్ళీ అతుక్కోదు. బయటి గుడ్డ బాగుంటే లోపల మందమైన ప్లాస్టిక్ సంచి వేసుకుని వాడుకోండి, బట్టలు తడవవు.

[తెరపై: జిప్పు రన్నర్ వెనకవైపు, దాని మీద అంకె.]

ఇక జిప్పు. రన్నర్ లాగాక వెనకాలే పళ్ళు విడిపోతుంటే అందరూ జిప్పు పోయిందనుకుంటారు. ఎక్కువసార్లు పోయేది పళ్ళు కాదు, రన్నర్. దుమ్ము రాపిడికి దాని నోరు వెడల్పవుతుంది. కటింగ్ ప్లేయర్ తీసుకుని రన్నర్‌ను రెండు పక్కలా కొంచెం కొంచెంగా నొక్కండి, నొక్కిన ప్రతిసారీ లాగి చూడండి. ఒక్కసారే బలంగా నొక్కితే విరుగుతుంది. అలా కుదరకపోతే రన్నర్ వెనక అంకె చూడండి, 5 గానీ 8 గానీ 10 గానీ ఉంటుంది. టైలరింగ్ సామాన్ల షాపులో ఆ నంబరే అడగండి. జిప్పు చివర నాలుగు కుట్లు విప్పి కొత్త రన్నర్ ఎక్కించి మళ్ళీ కుట్టేస్తే పని అయిపోయినట్టే. జిప్పుకు నూనె మాత్రం పూయకండి, మన రోడ్ల దుమ్మంతా పట్టుకుంటుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, కొవ్వొత్తి రుద్దితే చాలు.

[తెరపై: సీటు కవర్ల షాపు. మిషన్ కింద మందమైన పట్టీ.]

కుట్టు పనికి మామూలు టైలర్ దగ్గరికి పోతే ఆయన్ను ఇబ్బంది పెట్టినట్టవుతుంది. మూడు మడతల పట్టీ దగ్గర ఆ మిషన్ సూది విరుగుతుంది. బైకు సీటు కవర్లు కుట్టే అన్న దగ్గరికి పోండి. వెళ్ళాక ఇలా చెప్పండి: "అన్నా, నూలు దారం వద్దు, నైలాన్ దారమో పాలిస్టర్ దారమో వెయ్యి. కుట్టు మరీ దగ్గరగా వద్దన్నా." కుట్లు దగ్గరగా పడితే తపాలా బిళ్ళల షీటుకు చిల్లులు పొడిచినట్టవుతుంది, బరువు పడగానే ఆ గీత వెంటే చిరుగుతుంది. చిరుగు ఉన్నచోట లోపలినుంచి రెండు వేళ్ళు ఎక్కువ వెడల్పున్న గుడ్డముక్క పెట్టించండి. పట్టీ కలిసే చోట చదరంగా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు రెండు గీతలు కుట్టమనండి. బరువు నాలుగు వైపులా పంచుకుంటుంది.

[తెరపై: వెనక చక్రం, దాని పక్కన వేలాడే పట్టీ. ఇక్కడ కెమెరా ఆగాలి.]

ఇప్పుడు చెప్పేది దయచేసి జాగ్రత్తగా వినండి. బ్యాగు కింది పట్టీ చక్రం పక్కనే ఉంటుంది. అది తెగి చైనులోనో చక్రంలోనో చుట్టుకుంటే వెనక చక్రం బిగుసుకుపోతుంది. 44వ నంబరు హైవే మీద కర్నూలు వైపు వేగంగా పోతుండగా అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకే ఆ పట్టీకి అతుకులు వద్దు, ముడులు వద్దు. అంచు పీచులు లేస్తే చాలు, మొత్తం మార్చేయండి. కొత్త నైలాన్ పట్టీ కొసను నిప్పుతో కరిగించి మూసేయండి, పోగులు లేవవు. బిగించాక మిగిలిన తోకను మడిచి కట్టేయండి. క్లిప్పు విరిగితే ముందు పట్టీ వెడల్పు కొలవండి, 25 మిల్లీమీటర్ల పట్టీకి 25 క్లిప్పే పట్టాలి.

సైలెన్సర్ కాల్చిన రంధ్రమైతే కరిగి గట్టిపడిన అంచు కోసేసి, తోలు ముక్క వేయించండి. రెక్సిన్ వేస్తే మళ్ళీ కరుగుతుంది. అయితే ముందు వెల్డింగ్ షాపులో ఇనుప స్టే, అంటే బ్యాగును సైలెన్సర్‌కు దూరంగా ఆపే కడ్డీ, పెట్టించండి. వెనక మనిషిని కూర్చోబెట్టి, సామాను నింపి, బైకు కిందికి దిగినప్పుడు కూడా బ్యాగు సైలెన్సర్‌కు తగలకుండా ఉందో లేదో చూడండి. గువ్వలచెరువు ఘాటు మలుపుల్లో బ్యాగు ఊగుతుంది, నిలబడ్డ బైకు మీద చూసిన ఖాళీ అక్కడ సరిపోదు.

బ్యాగులకు బదులు గట్టి పెట్టెలు వాడేవాళ్ళు మూత రబ్బరు, రివెట్లు, వెనక ఫ్రేము వెల్డింగులో పగుళ్ళు చూసుకోండి.

[తెరపై: కొత్త బ్యాగు లేబుల్.]

గుడ్డే పోయిందా, అప్పుడు కొత్తది కొనండి. లేబుల్ మీద 1000 డెనియర్ అని ఉంటే, ఆ గుడ్డ నేసిన పోగు 9000 మీటర్లు కిలో బరువుందని అర్థం. అంకె పెరిగితే పోగు మందం. కానీ అంకె ఒక్కటే చూడకండి. రాపిడికి నైలాన్ బాగా ఓర్చుకుంటుంది, ఎండకు పాలిస్టర్ మేలు. మన ఊళ్ళకు నేనైతే పాలిస్టరే తీసుకోమంటాను. ఏది కొన్నా, రోజూ ఆఫీసుకు పోయేటప్పుడు ఖాళీ బ్యాగును బైకుకు వేలాడదీసి ఎండలో వదలకండి. విప్పి ఇంట్లో పెట్టండి.

పాత బ్యాగు పారేసే ముందు బాగున్న క్లిప్పులు, ఇనుప రింగులు, రన్నర్లు కోసి ఒక కవర్లో వేసుకోండి. గండికోట దారిలో క్లిప్పు విరిగితే ముద్దనూరులో సరైన సైజు దొరక్కపోవచ్చు.