18 సెకన్ల తర్వాత

(విశాఖపట్నంలో ఇంటర్, డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో ఒక డీ-అడిక్షన్ కౌన్సెలర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలన్నీ పెద్దవాళ్లే ఆక్రమించారు, పిల్లలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్లకు వినపడేలా కొంచెం గట్టిగానే మాట్లాడతాను.

మా మామ్మ పెదజాలరిపేటలో చేపలమ్మేది. అడ్డపొగ తాగేది. ఈ తరానికి తెలియకపోవచ్చు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీలుస్తారు. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం పొడవునా ఎందరో ఆడవాళ్లకు ఉన్న అలవాటే. "గాలికి సుట్టారిపోద్దే, లోపలెడితే ఆరదు" అనేది. ఆ వేడికి, పొగకు అంగిలి దెబ్బతింటుంది, పుళ్లు పడతాయి. కొందరికి అక్కడే క్యాన్సర్ వస్తుంది. మామ్మకు ఎవరూ ప్రకటన చూపించలేదు. వాళ్లమ్మను చూసింది, పక్కింటి పిన్నిని చూసింది, అంటుకుంది. అయితే అదే పిన్ని ముద్దలో కాస్త కారం తగిలితే విలవిల్లాడడం కూడా చూసింది. చుట్టా పుండూ ఒకే గుమ్మంలో కనిపించేవి. చూసి కూడా మానలేదనుకోండి, అది వేరే సంగతి. దాచిపెట్టిన వాళ్లయితే లేరు.

ఫోన్‌లో మీకు చుట్ట చూపిస్తారు, పుండు చూపించరు. ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది ఇదొక్కటే.

ఆ మధ్య 17 ఏళ్ల కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. "ఎలా మొదలైంది నాన్నా?" అంటే మాట్లాడకుండా ఫోన్ తీసి ఒక రీల్ పెట్టాడు. 18 సెకన్లు. సాయంత్రం పూట బీచ్ రోడ్డు, వెనక మసగ్గా డాల్ఫిన్స్ నోస్ కొండ. ఒకడి చేతిలో హైలైటర్ పెన్నంత గులాబీ రంగు వేప్, అంటే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్. పాటలో బీట్ పడగానే నోట్లోంచి తెల్లగా ఆవిరి, దాని మధ్యలోంచి ఒక ఉంగరం, పక్కవాళ్ల కేక. అయిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. నా ఎదురుగానే నాలుగుసార్లు తిరిగింది. ఐదోసారి సరిగ్గా చివర్లో ఆపమన్నాను. ఆ ఉంగరం వదిలినవాడి కళ్లు చికిలిస్తున్నాయి, మెడ ముందుకు వంగుతోంది. దగ్గు వస్తోంది. అక్కడ కత్తిరించేశారు. కుర్రాడు చాలాసేపు అలాగే చూశాడు. "ఇది ఇన్నిసార్లు చూశాను మేడం, ఇక్కడ ఎప్పుడూ ఆపలేదు" అన్నాడు.

దాని కింద కామెంట్లు చదివాను. "ఎక్కడ దొరుకుద్ది బ్రో?" "డీఎం చెయ్." అంటే విడిగా మెసేజ్ పెట్టమని. అది సరదా వీడియో కాదు, సరుకమ్మే కొట్టు. మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నిటినీ 2019లోనే చట్టం చేసి నిషేధించారు. ప్రకటన అంటే ఏమిటో చెప్పినచోట సోషల్ మీడియా మాట కూడా ఉంది. అమ్ముతూనో, ప్రకటన చేస్తూనో మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సినిమాలో హీరో సిగరెట్ వెలిగిస్తే తెర అడుగున హెచ్చరిక వేయాలి. 2023 సెప్టెంబర్ 1 నుంచి ఓటీటీకీ అదే నియమం. ఎవరో కుర్రాడు బీచ్‌లో తీసి పెట్టిన రీల్ కింద ఆ ఒక్క లైను ఎవరు వేస్తారు?

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు టిక్‌టాక్‌లో వేపింగ్ వీడియోలు 808 పరిశీలిస్తే, 63 శాతం దాన్ని మంచిగానే చూపించాయి. సగానికి సగం జోకులే. నన్ను భయపెట్టేది ఆ జోకులే. తాగమని ఎవరైనా చెబితే మీరు ఎదురు తిరుగుతారు. నవ్విస్తే ఎందుకు తిరుగుతారు? తాగేవాడు సరదా మనిషి, వద్దన్నవాడు అమ్మకూచి అని పదిసార్లు నవ్వాక, పదకొండోసారి మీ చేతికి వచ్చినప్పుడు వద్దనడం కష్టం.

ఆ వేప్‌లో ఏముంటుందో చెబుతాను. చాలావాటిలో నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లంలాంటిది కలిపి లవణంగా మారుస్తారు. దాంతో గొంతులో మంట తగ్గుతుంది. చుట్టలోని ఘాటు మామ్మను కాసేపైనా ఆపేది. ఇందులో ఆ అడ్డు లేదు, పైగా మామిడిపండు వాసన. మెదడు పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది, ఆ వయసులో ఇది త్వరగా పట్టుకుంటుంది. ఒంట్లో చేరిన నికోటిన్ సుమారు 2 గంటల్లో సగానికి పడిపోతుంది, మళ్లీ కావాలని ఒళ్లు లాగుతుంది. ఇంటర్ పరీక్ష 3 గంటలు. ఆ కుర్రాడు రెండో గంటలోనే పేపర్ ఇచ్చేసి బయటకు పరిగెత్తాడు. ఆ పరుగును ఎవరూ రీల్ తీయలేదు.

గంజాయి గురించి కూడా ఒక మాట. మన్యంలో పండే సరుకని గొప్పగా పాటలు పెట్టి వీడియోలు చేస్తున్నారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. ఎవరో డబ్బిస్తామంటే సంచి మోసిన పిల్లలు జైల్లో ఉన్నారు. 20 కిలోలు దాటితే కనీస శిక్ష 10 ఏళ్లు. ములాఖత్ కోసం మెట్ల మీద కూర్చున్న తల్లి ఏ వీడియోలోనూ ఉండదు.

అమ్మలూ, నాన్నలూ, ఇంటికెళ్లి ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చుని ఒక్క వీడియో కలిసి చూడండి. ఎక్కడ కత్తిరించారో, తర్వాత ఏమై ఉంటుందో పిల్లల్నే అడగండి. ఇప్పటికే అలవాటు పడ్డవాళ్లుంటే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, లేదా చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడికెళ్తే పిచ్చి అంటారని ఆలస్యం చేయకండి. జ్వరానికి కేజీహెచ్ పెద్దాసుపత్రికి వెళ్లినట్టే ఇది కూడా.

ఆ కుర్రాడు ఇప్పటికి రెండుసార్లు మానేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఇది మూడోసారి. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు, నేను ఎత్తుతాను.

మైకు వెనక్కి పంపుతున్నాను. ముందు పిల్లలు మాట్లాడండమ్మా. పెద్దవాళ్లం కాసేపు వింటాం.