నేర్చుకునే గంటలు ఎవరి ఖాతాలోవి? ఐటీలో ఆడవాళ్ళ ఉద్యోగాల సంగతి

నమస్తే అండీ. మాన్యువల్ టెస్టింగ్‌లో, అంటే సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో మనిషే స్వయంగా వాడి చూసే పనిలో, ఎనిమిదేళ్ళు, పదేళ్ళు పనిచేసిన అమ్మాయిలు ఈమధ్య ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతున్నారు. "అక్కా, టెస్ట్ కేసులు ఏఐ రాసేస్తోంది. టీం చిన్నదైపోయింది. ఇప్పుడు నేను ఏ కోర్సు చెయ్యాలి?" టెస్ట్ కేసులంటే ఏది ఎలా పరీక్షించాలో రాసిపెట్టుకునేవి. ఈ ప్రశ్నకి జవాబు చెప్పే వీడియోలు బోలెడున్నాయి. టెస్టింగ్‌ని ఆటోమేట్ చేసే ప్లేరైట్ నేర్చుకోండి, పైథాన్ నేర్చుకోండి, ఏఐ టూల్స్ నేర్చుకోండి అని. అవి తప్పని నేననను. కానీ ఆ కోర్సు చెయ్యడానికి ఆ అమ్మాయికి టైం ఎక్కణ్ణుంచి వస్తుందో ఎవరూ అడగడం లేదు. నా మటుకు నాకు అసలు ముడి అక్కడే ఉంది. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

ముందు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబర్‌లో, అప్పటి ప్రధాని వాజపేయి చేతుల మీదుగా. వైటూకే పని జోరుగా సాగుతున్న కాలమది. అమెరికా కంపెనీల పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాసి పెట్టారు. 2000 వచ్చేసరికి అవన్నీ లెక్క తప్పుతాయని భయం. ఆ కోడ్ వెతికి సరిచెయ్యడానికి వేలాది మనుషులు కావాలి. మన కంపెనీలు ఆ మనుషుల్ని ఇచ్చాయి, మనిషికింత, గంటకింత అని బిల్లు వేశాయి. ఆ తర్వాత పని బ్యాంకింగ్‌కి, ఇన్సూరెన్స్‌కి, సపోర్ట్‌కి, టెస్టింగ్‌కి మారుతూ వచ్చింది. బిల్లు వేసే పద్ధతి మాత్రం చాలా చోట్ల అదే మిగిలింది.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చూసిన వాళ్ళకి ఈ కథ చెప్పక్కర్లేదు. జావా, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్, సెలీనియం. ఎక్కడో పల్లెటూళ్ళో డిగ్రీ చదివిన అమ్మాయి కూడా హాస్టల్లో ఉండి కొన్ని నెలలు కోర్సు చేసి, హైటెక్ సిటీలో ఉద్యోగం తెచ్చుకుంది. ఆ జీతాలతో తమ్ముళ్ళు చదువుకున్నారు, నాన్నల అప్పులు తీరాయి. ఇప్పుడు దేశంలో ఐటీ ఉద్యోగుల్లో మూడో వంతుకి పైగా ఆడవాళ్ళే. టెస్టింగ్, సపోర్ట్ అంటే అదేదో తక్కువ పని అన్నట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఎన్నో ఇళ్ళు ఆ పని మీద నిలబడ్డాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. గంటలు అమ్మే వ్యాపారంలో, క్లయింటుకి బిల్లు వెయ్యని ప్రతి గంటా కంపెనీకి ఖర్చే. 2025 జూన్‌లో టీసీఎస్ ఒక నియమం తెచ్చింది. ఉద్యోగి ఏడాదిలో కనీసం 225 రోజులు బిల్లు పడే పనిలో ఉండాలి, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, 35 రోజులు దాటకూడదు. కంపెనీ వైపు నుంచి చూస్తే దాని లెక్క దానికి ఉంది. కానీ ఉద్యోగి వైపు నుంచి చూడండి. ప్రాజెక్టులో ఉన్నంతకాలం రోజంతా క్లయింటుది. కొత్త టూల్ నేర్చుకోవాలంటే పని లేక బెంచ్ మీదికి వచ్చినప్పుడు నేర్చుకోవాలి, అప్పటికి గుండెల్లో రాయి పడి ఉంటుంది. లేదా రాత్రిపూట, శని ఆదివారాల్లో నేర్చుకోవాలి.

మరి ఆ రాత్రిపూట ఎవరి చేతిలో ఉంది? జాతీయ గణాంక కార్యాలయం 2024లో జనం రోజు ఎలా గడుపుతున్నారో సర్వే చేసింది. ఇంటి పని చేసే వాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు జీతం లేని ఇంటి పనిలో ఉంటున్నారు. అంటే దాదాపు 5 గంటలకి ఒకటిన్నర గంట. పైగా అసలు ఇంటి పని ముట్టుకోని మగవాళ్ళు ఈ సగటులో లేరు. పిల్లల్ని, పెద్దవాళ్ళని చూసుకోవడం కూడా ఇందులో లేదు, దాని లెక్క వేరే. ఇది దేశం మొత్తానికి తీసిన సగటు, ఐటీ ఇళ్ళకి మాత్రమే తీసింది కాదు. వంటమనిషి ఉన్న ఇళ్ళుంటాయి, సాయం చేసే భర్తలుంటారు. అయినా రాత్రి తొమ్మిదింటికి ల్యాప్‌టాప్ తెరిచి కోర్సు వీడియో పెట్టుకునే వీలు, ఆ ఇంట్లో ఇద్దరిలో ఎవరికి ఎక్కువుందో మీకే తెలుసు.

టెక్నాలజీ మారే ప్రతిసారీ పరీక్ష జరిగేది ఆ గంటల్లోనే. తెలివిలో తేడా లేదు, చదువులో తేడా లేదు. ఒకరికి నేర్చుకునే గంట దొరికింది, ఇంకొకరికి దొరకలేదు. రెండేళ్ళ తర్వాత అప్రైజల్లో మేనేజర్ దాన్ని "స్కిల్ గ్యాప్" అని రాస్తాడు.

ఇది ఏఐతో మొదలైన కథ కాదండీ. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో లాంగ్లీ అని ఒక విమాన పరిశోధన కేంద్రం ఉంది, ఇప్పుడది నాసాలో భాగం. 1940ల్లో అక్కడ లెక్కలన్నీ ఆడవాళ్ళు చేసేవాళ్ళు. విమాన నమూనాల మీదికి గాలి వదిలి చేసిన పరీక్షల అంకెలు ఇంజినీర్లు పంపిస్తే, కాగితం మీద, మరలతో తిరిగే కాలిక్యులేటర్ల మీద వీళ్ళు లెక్కలు తేల్చేవాళ్ళు. నల్లజాతి ఆడవాళ్ళకి విడిగా ఒక విభాగం, వెస్ట్ ఏరియా కంప్యూటింగ్. భోజనానికి విడి బల్ల, విడి మరుగుదొడ్డి. డొరొతీ వాన్ అనే లెక్కల టీచరు 1943లో అక్కడ చేరింది. 1949లో ఆ విభాగానికి పెద్ద అయింది. అక్కడ ఒక నల్లజాతి మనిషి సూపర్‌వైజర్ కావడం అదే మొదలు.

1950ల్లో అక్కడికి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లు వచ్చాయి. చేత్తో చేసే లెక్కలకి రోజులు దగ్గరపడ్డాయని అర్థమవుతూనే ఉంది. 1957లో ఐబీఎం ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష విడుదల చేసింది. డొరొతీ వాన్ అది నేర్చుకుంది, తన దగ్గర పనిచేసే వాళ్ళకీ నేర్పింది. 1958లో నాసా ఏర్పడి, ఆ విడి విభాగాన్ని ఎత్తేసే సమయానికి, ఆమె కొత్త కంప్యూటింగ్ విభాగంలోకి ప్రోగ్రామర్‌గా వెళ్ళింది. 1971లో రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది.

ఈ కథని ఇక్కడితో ఆపేసి, చూశారా, నేర్చుకుంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు అని చెప్పేస్తుంటారు. మిగతాది కూడా చెప్పాలి. ఆ తర్వాత ఆమె మళ్ళీ సూపర్‌వైజర్ పదవి కోసం ప్రయత్నించింది. ఇవ్వలేదు. చదువు ఆమె ఉద్యోగాన్ని నిలబెట్టింది, హోదాని నిలబెట్టలేదు. హోదా ఇచ్చేవాళ్ళు వేరే ఉంటారు కదా. ఇంకోటి, నాకు ఇదే ముఖ్యం: ఆమె ఒక్కతే గట్టెక్కి ఊరుకోలేదు, తనతో ఉన్న వాళ్ళని కూడా వెంట తీసుకెళ్ళింది. వాళ్ళు నేర్చుకున్నది తోటి ఆడవాళ్ళ దగ్గర, ఒకరి పని ఒకరికి తెలిసిన మనుషుల మధ్య. ఈరోజు మన అమ్మాయిల్లో ఎక్కువమంది ఒంటరిగా, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పిల్లాడు పడుకున్నాక ఒకటిన్నర స్పీడులో కోర్సు చూస్తున్నారు. మధ్యలో ఆగిపోతే "నా వల్ల కాదేమో" అనుకుంటున్నారు. నాకు బాధ కలిగించేది ఆ మాటే.

ఇంగ్లండులో స్టెఫనీ షెర్లీ అనే ఆవిడ 1962లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టింది. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక ఉద్యోగాలు వదిలేసిన ప్రోగ్రామర్లని వెతికి, ఇంటి నుంచే పని ఇచ్చింది. పెన్సిలుతో కాగితం మీద కోడ్ రాసి పోస్టులో పంపేవాళ్ళు. కాంకార్డ్ విమానం బ్లాక్ బాక్స్ ప్రోగ్రామింగ్‌లో కూడా వాళ్ళ చెయ్యి ఉంది. ఆడ పేరు చూసి జవాబివ్వడం లేదని ఉత్తరాల కింద "స్టీవ్" అని సంతకం పెట్టేది. వర్క్ ఫ్రం హోం కోవిడ్‌తో పుట్టిందనుకునే వాళ్ళకి ఇది చెబుతుంటాను.

కోవిడ్ అంటే గుర్తొచ్చింది. 2023లో టీసీఎస్ తన వార్షిక నివేదికలో ఒక విషయం ఒప్పుకుంది. అంతకుముందు మగవాళ్ళకంటే తక్కువగా మానేసే ఆడవాళ్ళు, ఆ ఏడాది మగవాళ్ళకంటే ఎక్కువగా మానేశారు. ఇంటి నుంచి పనిచేసిన కాలంలో కొందరి ఇంటి ఏర్పాట్లు మారిపోయి ఉంటాయి, అందువల్ల తిరిగి ఆఫీసుకి రాలేకపోయి ఉండొచ్చని ఆ కంపెనీ హెచ్‌ఆర్ అధిపతి అభిప్రాయపడ్డారు. ఆయన మాటలో నిజం ఉంది. రెండేళ్ళలో అమ్మ ఇంట్లోనే ఉంటుందన్న అలవాటు పడ్డాక, పని పంచుకునే మనుషులు మెల్లిగా తప్పుకున్నారు. అయితే ఇంటి ఏర్పాట్లు మారాయి కాబట్టి ఆఫీసు ఏర్పాట్లు మారక్కర్లేదన్న చోట నేను ఒప్పుకోను. మాధాపూర్ ట్రాఫిక్‌లో రోజుకి రెండు మూడు గంటలు పోతే, ముందు కరిగేది ఆ నేర్చుకునే గంటే.

2025 జూలైలో అదే కంపెనీ దాదాపు 12,000 మందిని, అంటే తన ఉద్యోగుల్లో 2 శాతం మందిని, తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఎక్కువగా మధ్య స్థాయి, పై స్థాయి వాళ్ళని అంది. మధ్య స్థాయి అంటే పది, పన్నెండు, పదిహేనేళ్ళ అనుభవం. ఆ వయసులో ఆడవాళ్ళకి బళ్ళో పిల్లలు, ఇంట్లో మోకాళ్ళ నొప్పుల అత్తమామలు, మరో ఊళ్ళో అమ్మానాన్నలు. దెబ్బ పడే చోటూ, టైం లేని చోటూ ఒకటే అయ్యాయి.

చట్టం ఏం చేసిందంటే, 2017లో ప్రసూతి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచింది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలంది. చాలా మంచి చట్టం. కానీ ఆ సెలవు జీతమంతా కంపెనీయే భరించాలని పెట్టడంతో, పెళ్ళయిన అమ్మాయిని ఇంటర్వ్యూలో చూడగానే లోపల లెక్కలు వేసుకునే వాళ్ళు తయారయ్యారు. ప్రభుత్వం అందులో కొంత భరించాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఉద్యోగంలో గ్యాప్ వచ్చిన వాళ్ళ రెజ్యూమేల సంగతి కూడా ఒక్క మాట. అమెజాన్ రెజ్యూమేలు జల్లెడ పట్టే ఏఐ ఒకటి తయారు చేసుకుని, చివరికి పక్కన పెట్టేసిందని 2018లో రాయిటర్స్ రాసింది. పదేళ్ళ పాత రెజ్యూమేలతో దానికి శిక్షణ ఇచ్చారు. అవి ఎక్కువగా మగవాళ్ళవి. దాంతో అది "మహిళల చెస్ క్లబ్" లాంటి మాట కనిపిస్తే మార్కులు తగ్గించడం మొదలుపెట్టింది. పాత అన్యాయాన్ని యంత్రం నేర్చేసుకుంది. కాబట్టి బ్రేక్ తర్వాత ఆన్‌లైన్‌లో వంద అప్లికేషన్లు పెట్టి ఒక్క కాల్ కూడా రాకపోతే, లోపం మీలో ఉందని తీర్మానించుకోకండి. తెలిసిన టీం లీడ్‌కి నేరుగా ఫోన్ చెయ్యండి.

సరే, మొదటి ప్రశ్నకి వస్తాను. టెస్ట్ కేసులు ఏఐ రాస్తోంది, నిజమే. ఏఐకి మీ క్లయింటు క్లెయిమ్ సెటిల్మెంట్ స్క్రీన్ నెలాఖరులో ఎందుకు తప్పుతుందో తెలియదు. మీకు తెలుసు. పదేళ్ళలో ఏ రిలీజ్ ఎక్కడ విరిగిందో మీ తలలో ఉంది. అది రాసిపెట్టండి, ఒక డాక్యుమెంటుగా, మీ పేరుతో. ఏఐ ఇచ్చిన టెస్ట్ కేసుల్లో ఏవి పనికిరావో, ఏవి వదిలేసిందో గుర్తుపట్టి చెప్పగలిగే మనిషి ఇప్పుడు టీంకి కావాలి. కొత్త టూల్‌ని బయటి కోర్సులోని ఉత్తుత్తి వెబ్‌సైట్ మీద కాకుండా, కంపెనీ అనుమతించినంత మేర, మీ ప్రాజెక్టు పని మీదే వాడి నేర్చుకోండి. రెండు పనులూ ఒకే గంటలో అవుతాయి.

ఆ గంటని అడగండి. మేనేజర్‌కి నోటితో చెప్పి ఊరుకోకుండా, ఏడాది లక్ష్యాలు రాసుకునే గోల్ షీట్‌లో రాయండి: వారానికి నాలుగు గంటలు, ఫలానా రెండు రోజులు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, ఫలానా టూల్, మూడు నెలల్లో ఫలానా మాడ్యూల్ ఆటోమేట్ చేస్తాను అని. స్ప్రింట్ ప్లానింగ్‌లో, అంటే టీం రాబోయే వారాల పని పంచుకునేటప్పుడు, దానికి స్టోరీ పాయింట్లు వేయించండి, అంటే దాన్ని కూడా పనిగా లెక్క కట్టించండి. ఒక్కరే అడిగితే కాదంటారు. అదే ఫ్లోర్లో నలుగురు కలిసి అడిగితే, టీం మొత్తానికి లాభమని చూపిస్తే, ఒప్పుకునే మేనేజర్లు ఉన్నారు. ఆ నలుగురూ కలిసే నేర్చుకోండి. ఒకరికి జ్వరం వస్తే, ఒకరి పిల్లాడికి పరీక్షలుంటే, మిగతా ముగ్గురు ఆ వారం పాఠాన్ని చెప్పి అందుకునేలా చేస్తారు.

విజయవాడలో పుట్టిన పద్మశ్రీ వారియర్ మోటరోలాలో, సిస్కోలో సీటీవో, అంటే కంపెనీ టెక్నాలజీ మొత్తానికి అధిపతి, స్థాయికి వెళ్ళారు. ఆమె పేరు పిల్లలకి చెప్పాలి, నేనూ చెబుతాను. కానీ సీటీవో కావాలని కలలు కనమని చెప్పి, వారానికి నాలుగు గంటలు ఇవ్వని కంపెనీ మహిళా దినోత్సవం నాడు ఇచ్చే గులాబీ పువ్వు నాకు వద్దు.

ఈ వీడియో చూస్తున్న భర్తలకి, అన్నదమ్ములకి ఒక పని చెబుతాను. వారంలో రెండు సాయంత్రాలు వంట, హోంవర్క్, పాలవాడి లెక్క, అన్నీ మీవి. "ఏం కూర చెయ్యమంటావ్?" అని కూడా ఆమెని అడక్కండి.

వచ్చే వీడియోలో, 26 వారాల సెలవు ముగించుకుని తిరిగి చేరేటప్పుడు హెచ్‌ఆర్‌కి ఏం రాయాలో, పాత ప్రాజెక్టు ఇవ్వకపోతే ఏం అడగాలో, మెయిల్ నమూనాతో సహా చెబుతాను. ఆ సెలవులో ఉన్నవాళ్ళు మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఉంటే, వాళ్ళకి ఈ వీడియో పంపించండి. ఉంటానండీ.