ధనసర్ కేసు తెలిస్తే ఎన్‌ఐడబ్ల్యూ తెలుస్తుంది

[తెర మీద: టైటిల్. తర్వాత నేరుగా మాట్లాడేవారి మీదికి]

నమస్కారం. అమెరికాలో పరిశోధన చేస్తున్న మన ఇంజినీర్లు ఎన్‌ఐడబ్ల్యూ గురించి, అంటే నేషనల్ ఇంటరెస్ట్ వేవర్ గురించి, మొదట అడిగే ప్రశ్న ఒకటే: "నాకు ఇన్ని పేపర్లున్నాయి, ఇన్ని సైటేషన్లున్నాయి, సరిపోతాయా?" పేపర్ల లెక్క అవసరమే. కానీ అక్కడ మొదలుపెడితే దరఖాస్తు బలహీనపడుతుంది. ఎందుకో రెండు పాత కేసులు చెబుతాయి. రెండూ ఇంజినీర్లవే.

ముందు నేపథ్యం. ఈబీ-2 గ్రీన్ కార్డుకి, అంటే పై చదువులో అసాధారణ సామర్థ్యమో ఉన్నవారికి ఇచ్చేదానికి, మామూలుగా ఒక కంపెనీ ఉద్యోగం చూపించాలి, లేబర్ సర్టిఫికేషన్ చేయించాలి. మనవాళ్లు పెర్మ్ అనేది దాన్నే. ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని కార్మిక శాఖ ముందు తేల్చుకోవడం అన్నమాట. మీ పని దేశానికి మేలు చేసేదైతే ఈ రెండూ మినహాయించవచ్చని 1990 చట్టంలో వెసులుబాటు ఉంది. అప్పుడు ఐ-140, అంటే మామూలుగా కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్, మీ అంతట మీరే వేసుకోవచ్చు. కానీ దేశ ప్రయోజనం అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. అందుకే తీర్పులు ముఖ్యమయ్యాయి.

[తెర మీద: నది మీద వంతెన. "1998"]

న్యూయార్క్ రాష్ట్ర రవాణా శాఖ తన వంతెనల ఇంజినీర్ ఒకరి కోసం ఈ మినహాయింపు అడిగింది. వంతెనల పని విలువైనదే అని ఇమిగ్రేషన్ అధికారులు అన్నారు. ఆ వంతెనలు దేశమంతటి రోడ్లతో కలుస్తాయి గనుక దాని ప్రభావం దేశవ్యాప్తమని కూడా ఒప్పుకున్నారు. అయినా తిరస్కరించారు. ఇలాంటి ఇంజినీర్లు దొరకడం కష్టమన్న వాదన నిలబడలేదు. మనుషుల కొరత ఉంటే దాన్ని తేల్చడానికే లేబర్ సర్టిఫికేషన్ ఉంది కదా అన్నది అధికారుల మాట. ఈ తీర్పే 18 ఏళ్ల పాటు కొలబద్ద అయింది. పని విలువ, దేశవ్యాప్త ప్రభావం కాక దాంట్లో మూడో షరతు ఒకటుంది: అవే కనీస అర్హతలున్న అమెరికన్ కంటే మీరు చాలా ఎక్కువ మేలు చేస్తారని చూపించాలి. చాలామంది మంచి పరిశోధకులకి అది కొరుకుడు పడలేదు.

[తెర మీద: గాలి సొరంగంలో నమూనా. "డిసెంబరు 27, 2016"]

ఆ తర్వాత వచ్చింది మ్యాటర్ ఆఫ్ ధనసర్. ఈ ఒక్క కేసు మీద కాస్త ఆగుదాం.

ధనసర్ నార్త్ కరోలినాలో ఏరోస్పేస్ పరిశోధకుడు, అధ్యాపకుడు. ధ్వని కంటే ఎన్నో రెట్లు వేగంగా వెళ్లే వాహనాల చుట్టూ గాలి ఎలా ప్రవహిస్తుంది, వాటి ఇంజిన్లు ఎలా పనిచేస్తాయి అన్నది కంప్యూటర్ నమూనాలతో లెక్కగట్టేవాడు. ముందు తిరస్కరించారు. అప్పీలులో గెలిచాడు. ఆ తీర్పుతో మూడు కొత్త ప్రశ్నలు వచ్చాయి. మీరు చేయబోయే పనికి విలువ, జాతీయ ప్రాముఖ్యం ఉన్నాయా? దాన్ని ముందుకు తీసుకెళ్లే స్థితిలో మీరున్నారా? ఉద్యోగం, లేబర్ సర్టిఫికేషన్ అడగకుండా వదిలేస్తే మొత్తమ్మీద దేశానికి మేలేనా?

ఆయన్ని గెలిపించినవి డిగ్రీలొక్కటే కాదు. నాసా, వైమానిక దళ పరిశోధనశాల నిధులిచ్చిన ప్రాజెక్టుల్లో ఆయన పాత్ర కీలకమని కాగితాల్లో కనిపించింది. కొన్ని గ్రాంట్లకి ప్రతిపాదన మొదలుపెట్టిందే ఆయన. ఆ రంగంలో నిపుణులు రాసిన లేఖలు ఆయన పద్ధతి ఎందుకు పనికొస్తుందో వివరంగా చెప్పాయి. పరిశోధన తప్పక ఫలిస్తుందని రుజువు చేయనక్కర్లేదని కూడా ఆ తీర్పు స్పష్టం చేసింది. పరిశోధకులకి ఇది పెద్ద ఊరట.

ఇక చాలామంది చదవకుండా వదిలేసే భాగం. ఆయన సైన్సు, ఇంజినీరింగ్ పాఠాలు చెప్పడాన్ని కూడా కారణంగా చూపించాడు. బోధన విలువైనదే అన్నారు, కానీ ఆ తరగతి గది దాటి దేశంలోని విద్యారంగం మీద దాని ప్రభావం కనబడలేదని పక్కన పెట్టారు. ఒకే మనిషి, ఒకే ఫైలు. పరిశోధన నెగ్గింది, బోధన నెగ్గలేదు.

[తెర మీద: రెండు వాక్యాలు, ఒకదాని కింద ఒకటి]

మన దరఖాస్తుల్లో తరచుగా పొరపాటు జరిగేది సరిగ్గా ఇక్కడే. "బ్యాటరీలు దేశానికి ముఖ్యం, నేను బ్యాటరీ ఇంజినీర్‌ని" అని రాస్తారు. అది మీ రంగం గొప్పతనం, మీ పని కాదు. "గ్రిడ్‌కి వాడే పెద్ద బ్యాటరీల్లో ఒక సెల్ వేడెక్కితే మంట పక్క సెల్స్‌కి పాకకుండా ముందే పసిగట్టే పద్ధతి తయారుచేస్తున్నాను, దాన్ని మా కంపెనీ బయట ఫలానా ల్యాబులు ఇప్పటికే వాడుతున్నాయి" అని రాయగలిగితే అధికారికి పట్టుకోవడానికి ఒక పని దొరుకుతుంది. క్లయింట్ అడిగినట్టు కోడ్ మార్చి ఇచ్చే ఉద్యోగం ఎంత నైపుణ్యంతో చేసినా, దాని ఫలితం ఆ క్లయింట్ దగ్గరే ఆగిపోతే ఈ దారి కష్టం. ఈ మాట డబ్బు కట్టకముందే చెప్పడం న్యాయమని నా నమ్మకం.

2022 జనవరిలో సైన్సు, టెక్నాలజీ రంగాలవారికి అనుకూలంగా మార్గదర్శకాలు వచ్చాయి. 2025 జనవరిలో వాటిని ఇంకాస్త బిగించారు: మీ చదువు, వృత్తి మీరు ప్రతిపాదించే పనికి సంబంధించినవై ఉండాలి.

[తెర మీద: క్యాలెండర్]

భారత్‌లో పుట్టినవాళ్లు ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎన్‌ఐడబ్ల్యూ ఆమోదం పొందినా ఈబీ-2 క్యూ తప్పదు. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉంది, మన క్యూ పదేళ్లకు పైగా వెనక ఉంది. పౌరసత్వం ఏదైనా లెక్కలోకి వచ్చేది పుట్టిన దేశమే. భార్య గానీ భర్త గానీ వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం ఖాతాలో వెళ్లే వీలుంది, లాయర్‌ని అడగండి. పిల్లలకి 21 ఏళ్లు దాటితే తల్లిదండ్రుల దరఖాస్తు కింద గ్రీన్ కార్డు రాకుండా పోయే సమస్య ఉన్న ఇళ్లలో ఈ లెక్క ముందే వేసుకోవాలి.

మరైతే వేయడం ఎందుకు? ఐ-140 ఆమోదమయ్యాక, క్యూ ముందుకు రాకపోతే హెచ్-1బీని ఆరేళ్ల తర్వాత కూడా మూడేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. దానికి యజమాని కావాలి నిజమే, కానీ ఆ ఐ-140 మీది. ఉద్యోగం పోయినా కంపెనీకి దాన్ని వెనక్కి తీసుకునే వీల్లేదు. దాని ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానం తేల్చే తేదీ, మీతోనే ఉంటుంది. రేపు ఈబీ-1కి, అంటే ఈబీ-2 కంటే పై కేటగిరీకి, అర్హత వస్తే ఆ పాత తేదీనే అక్కడ వాడుకోవచ్చు. అందుకే పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకి నేను చెప్పేది: మీ పని ఎవరికి, ఎలా ఉపయోగపడుతోందో ఈ వారమే ఒక పేజీ రాయండి. మీ పద్ధతిని వాడిన, మీతో పరిచయం లేని ఇద్దరికి అది పంపి, లేఖ రాస్తారేమో అడగండి.