మీ రిఫండ్ ఎక్కడ ఆగింది?

[కెమెరా ముందు. వెనక మూడు లాంతర్ల కూడలి హారన్ల మోత.]

నమస్కారం. విజయనగరంలో మా ఆఫీసు మెట్లెక్కే పెద్దవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది. "ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను వేసేశాను బాబూ. గవర్నమెంటు కదా, తోచినప్పుడు వేస్తారులే." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రిఫండ్ అంటే పన్ను కింద మీ దగ్గర ఎక్కువ పట్టుకున్న మీ సొమ్ము. పైగా చాలామందికి ఆ డబ్బు దారిలో కూడా ఉండదు. ఎక్కడో ఆగి, మీరు ఒక బటన్ నొక్కితే కదులుదామని కూర్చుంటుంది. మీరేమో ఇంట్లో కూర్చుంటారు.

మనకు తెలిసిన లెక్కలో చెప్తాను. ధాన్యం అమ్మారనుకోండి. రైతు సేవా కేంద్రంలో పేరుంది, సంచులు మిల్లుకి వెళ్లాయి, డబ్బు పడలేదు. బొబ్బిలి రైతు అయినా పాలకొండ రైతు అయినా "వేస్తారులే" అని పడుకుంటాడా? వేలిముద్ర పడిందా, కాటాలో తేడా వచ్చిందా, ఖాతా నంబరు సరిగ్గా ఎక్కిందా అని తెల్లారకముందే అడిగేస్తాడు. రిఫండ్‌కీ ఇవే ప్రశ్నలు.

[స్క్రీన్ మీద: ఈ-ఫైల్, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్, వ్యూ ఫైల్డ్ రిటర్న్స్]

ఇన్‌కమ్ ట్యాక్స్ వెబ్‌సైట్‌లో, అంటే పోర్టల్లో, ముందు ఇక్కడ చూడండి. మీ రిటర్ను కింద తేదీలతో ఒక వరస ఉంటుంది. ఏ గీత దగ్గర ఆగిందో అక్కడే మీ పని.

మొదటిది వేలిముద్ర, అంటే ఈ-వెరిఫికేషన్: ఈ రిటర్ను నాదేనని ఖాయం చేయడం. రిటర్ను వేసిన 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో అయిపోయే పని. అది చేయకపోతే సంచులు మిల్లు గేటు బయటే ఉన్నట్టు లెక్క. 30 రోజులు దాటాక చేస్తే, చేసిన రోజునే రిటర్ను వేసినట్టు తీసుకుంటారు. అప్పటికి గడువు దాటిపోయి ఉంటే లేటు ఫీజు కూడా మీదే.

రెండోది కాటా. మీరు చెప్పిన బరువు, మిల్లు చెప్పిన బరువు కలవాలి. ఇక్కడ మిల్లు కాగితం పేరు ఫారం 26ఏఎస్, అంటే మీ పాన్ మీద జమైన పన్ను పట్టిక. మీ స్కూలో, బ్యాంకో మీ దగ్గర టీడీఎస్ (డబ్బు ఇచ్చే ముందే పట్టుకునే పన్ను) కోసి, మీ పాన్ నంబరు మీద చూపించకపోతే అది అందులో ఉండదు. జీతం ఇచ్చేవాళ్లిచ్చిన టీడీఎస్ కాగితం, ఫారం 16, చేతిలో పట్టుకుని ఎంత వాదించినా లాభం లేదు. కోసినవాళ్లు తమ టీడీఎస్ రిటర్ను సరిచేయాల్సిందే. వాళ్లను అడగడానికి మొహమాటపడతారు చూడండి, అది నాకు అర్థం కాదు. కోసింది మీ జీతంలోంచి కదా!

ఇంకొకటి. ప్రాసెస్ అయ్యాక 143(1) ఇంటిమేషన్ అని మెయిల్ వస్తుంది. పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది. పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టినతేదీ ఎనిమిది అంకెలు. తెరుచుకోలేదని వదిలేస్తారు. అందులో రెండు నిలువు వరసలుంటాయి: మీ లెక్క, వాళ్ల లెక్క. అవి ఎక్కడ విడిపోయాయో అదే మీ జవాబు.

మూడోది బ్యాంకు ఖాతా. మన ప్రాంతంలో నేను ఎక్కువగా చూసే చిక్కు ఇదే.

ఒక రిటైర్డ్ మాస్టారు. పెన్షను, కొంచెం ఫిక్స్‌డ్ డిపాజిట్టు. 2024-25లో 90 వేలు వడ్డీ వస్తే బ్యాంకు 10 శాతం, అంటే 9 వేలు కోసింది. కొత్త పన్ను పద్ధతిలో (న్యూ రెజీమ్) ఆయనకి పన్నే లేదు, కాబట్టి 9 వేలూ వెనక్కి రావాలి. రిటర్ను సవ్యంగా ప్రాసెస్ అయింది. కింద ఎర్రగా "రిఫండ్ ఫెయిల్డ్" అని ఉంది. పాన్ కార్డు తీయమన్నాను, పాస్‌బుక్కు తీయమన్నాను. పాన్ మీద ఇంటిపేరు పూర్తిగా ఉంది. పాస్‌బుక్కు మీద ఒక్క అక్షరం, పక్కన చుక్క. అంతే! "నలభై ఏళ్లు ఆ చుక్కతోనే సంతకం పెట్టాను కదయ్యా" అన్నారాయన. మనం తరతరాలుగా ఇంటిపేరుని పొట్టిచేసి రాస్తాం. కంప్యూటర్ దృష్టిలో ఆ రెండు పేర్లూ వేరు వేరు మనుషులవి.

బ్యాంకుకి వెళ్లి పాన్, ఆధార్ ఇచ్చి పేరు సరిచేయించాలి. తర్వాత పోర్టల్లో మై ప్రొఫైల్, మై బ్యాంక్ అకౌంట్‌లో ఖాతాని వాలిడేట్ చేసి, రిఫండ్ కోసం ఎంచుకోవాలి. ఆ తర్వాత సర్వీసెస్‌లో రిఫండ్ రీఇష్యూ పెట్టాలి. ఈ చివరి మెట్టు మర్చిపోతారు. ఖాతా సరిచేసినంత మాత్రాన డబ్బు దానంతటదే మళ్లీ రాదు.

మన ప్రాంతం వాళ్లకి ఇంకో మెలిక ఉంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. మనూళ్లలో ఉన్న గ్రామీణ వికాస్ బ్యాంకు 2025 మే 1న మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పాత పాస్‌బుక్కు చూసి ఐఎఫ్ఎస్‌సీ కొట్టకండి. బ్రాంచిలో అడిగి ఇప్పటిది వేయండి.

[చేతి గడియారం చూసుకుంటూ] టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

నాలుగోది పాత బాకీ. ధాన్యం డబ్బు ఖాతాలో పడగానే పాత పంట రుణం కింద జమ చేసుకున్నట్టు, ఎప్పటిదో డిమాండ్, అంటే కట్టాల్సిన పాత పన్ను, ఉంటే సెక్షన్ 245 కింద రిఫండ్‌లోంచి మినహాయిస్తారు. ముందు నోటీసు వస్తుంది, జవాబుకి 21 రోజులు. పెండింగ్ యాక్షన్స్‌లో చూడండి. ఆ బాకీ తప్పయితే "ఒప్పుకోను" అని కారణంతో, రసీదుతో పెట్టండి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

ఐదోది తేమ శాతం. ధాన్యంలో తేమ ఉందేమోనని పక్కన పెట్టినట్టు, మీ క్లెయిము మీద అనుమానం. కట్టని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ విరాళం చూపించి "మీకు ఇంత రిఫండ్ తెప్పిస్తా, నాకింత" అనే ఏజెంట్లున్నారు. 2025 జులై 14న ఇలాంటివాళ్ల కోసమే దేశంలో 150 చోట్ల సోదాలు జరిగాయి. కమీషను ఏజెంటు తింటాడు, నోటీసు మీకొస్తుంది. అలాంటి క్లెయిము ఉంటే గడువులోగా రివైజ్డ్ (సరిచేసిన) రిటర్ను వేసేయండి. నిజమైనదే అయితే కాగితాలు దగ్గర పెట్టుకుని ఉండండి.

పాన్, ఆధార్ లింకు లేక పాన్ పనిచేయకుండా పోయినా రిఫండ్ ఆగుతుంది. ఆ కాలానికి వడ్డీ కూడా ఉండదు.

అన్నీ సరిగ్గానే ఉండి "అండర్ ప్రాసెసింగ్" అనే ఉందా? రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక 9 నెలల వరకు వాళ్లకు టైముంది. 2025 సెప్టెంబరులో వేసినదానికి 2026 డిసెంబర్ 31. అంతదాకా ఆగక్కర్లేదు, పోర్టల్లోనే గ్రీవెన్స్, అంటే ఫిర్యాదు, పెట్టండి. అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు వేసి, ఏ తేదీ నుంచి ఎక్కడ ఆగిందో రెండు లైన్లలో రాయండి చాలు. మీ కష్టాలన్నీ రాస్తే అసలు విషయం అందులో మునిగిపోతుంది.

రిఫండ్ వచ్చిందని లింకుతో మెసేజ్ వస్తే ముట్టుకోకండి. రిఫండ్ ఇవ్వడానికి ఎవరూ ఓటీపీ అడగరు.

వడ్డీ సంగతి చెప్పి ఆపేస్తాను. గడువులోగా రిటర్ను వేసి ఉంటే, టీడీఎస్ రిఫండ్‌కి అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఆర్థిక సంవత్సరం) ఏప్రిల్ 1 నుంచి నెలకి అర శాతం ఇస్తారు. రిఫండ్ మీ మొత్తం పన్నులో 10 శాతం కన్నా తక్కువైతే ఇవ్వరు. మాస్టారి 9 వేలకి నెలకి 45 రూపాయలు. ఆ వడ్డీ కూడా ఆదాయమే, వచ్చిన ఏడాది రిటర్నులో చూపించాలి. అవును, నాకూ నవ్వొస్తుంది, కానీ చూపించాలి.